గ్రోమెక్ పోయాక వెండెలీన్

వెండెలీన్ క్రోపాచ్ ఎవరినైనా మొదటిసారి చూస్తే ముందు పళ్ళు చూస్తాడు. అది ఆయన వృత్తి. మా ఒలొమౌత్స్‌లో అరవై దాటినవాళ్ళు ఎవరైనా నోరారా నవ్వుతున్నారంటే, ఆ నవ్వులో సగం ఆయన చేతి పనే. దిగువ చౌకు వెనక సందులో, మెట్లు దిగి వెళ్ళే ఒక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. పళ్ళు చూడటం అయ్యాక ఆయన రెండోసారి మనిషి మొత్తాన్ని చూస్తాడు. ఆ చూపు పడిందంటే ఇక తప్పించుకోలేం. మనకి ఏ పాత్ర కట్టాలో అప్పటికే తేల్చేసి ఉంటాడు.

పాత్ర అంటే మా శనివారం ఆటలో పాత్ర. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఎక్కడా లేని రాజ్యాల్లో తిరిగే ఆట అది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో ఒక్కో మనిషి అవుతారు. యోధుడో, మాంత్రికుడో, దొంగో, గుహల్లో బతికే మరుగుజ్జో. ఆ మనిషిని ఆటకి ముందే తయారు చేసుకోవాలి. పాచికలు వేసి వాడికి బలమెంత, చురుకెంత, తెలివెంత, మాటనేర్పెంత అని కాగితం మీద రాసుకోవాలి. తర్వాత పేరు, పుట్టిన ఊరు, గుణం, భయం. చాలామంది ఈ పనంతా పావుగంటలో కానిచ్చి కత్తి పట్టుకుని బయల్దేరిపోతారు. వెండెలీన్ దగ్గర ఆ పప్పులుడకవు.

కమ్యూనిస్టు ప్రభుత్వం పోయిన కొత్తల్లో ఆ ఆట పెట్టె మా ఊరి దుకాణాల్లోకి వచ్చింది. అప్పటికి వెండెలీన్‌కి ముప్ఫై దాటాయి, పెళ్ళయింది, నెత్తి మీద జుట్టు సెలవు తీసుకోవడం మొదలుపెట్టింది. పక్క వాటాలో ఉండే హినెక్ అనే భూగోళం మాస్టారు ఆ పెట్టె కొన్నాడు. ఇద్దరూ కలిసి మొరావా ఏటి దగ్గరున్న ఒక బీరు కొట్టు వెనక గదిని శనివారం మధ్యాహ్నాలకి అడిగి పుచ్చుకున్నారు. కథ నడిపేది హినెక్. మనుషుల్ని పుట్టించేది వెండెలీన్. ఈ రెండో ఉద్యోగం ఆయనకి ఎవరూ ఇవ్వలేదు. తనే తీసుకున్నాడు.

దాని మీద ఆయనకో సిద్ధాంతం ఉంది. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా, వాళ్ళు అడిగినా అడక్కపోయినా వినిపిస్తాడు. జనం రెండు రకాల పొరపాట్లు చేస్తారట. కొందరు తామెలా ఉన్నారో అలాంటి పాత్రే చేసుకుంటారు. కొందరు తామెలా ఉంటే బాగుండునో అలాంటిది చేసుకుంటారు. రెండూ నోట్లో నిలవని పళ్ళే. ఖాళీ ఎక్కడుందో వేలు పెట్టి చూసి, సరిగ్గా అక్కడ పన్ను పెట్టాలి. ఆ ఖాళీ కనుక్కోవడానికి ఆయన దగ్గరొక ప్రశ్న ఉంటుంది.

"నువ్వు ఎవరినీ అడగలేనిది ఏమిటి?"

ఇది అడిగి, చేతులు కట్టుకుని, జవాబు వచ్చేదాకా ఎదురుగా కూర్చుంటాడు. అప్పుడు ఆయన్ని చూస్తే పాపాలు వినే ఫాదరీ గారు కూడా కాస్త తొందరపడే మనిషనిపిస్తారు.

నేను ఆ గదిలోకి వెళ్ళేనాటికి ట్రాము నడపడంలో కొత్త. బ్లాజెనా అని పరిచయం చేసుకుని, నాకు పొడుగాటి జుట్టున్న విలుకత్తె కావాలన్నాను. ఆయన నా పళ్ళు చూశాడు, నన్ను చూశాడు, ఆఖరిసారి అబద్ధం ఎప్పుడు చెప్పావమ్మాయ్ అనడిగాడు. నాకు గుర్తు రాలేదు. అంతే, నన్ను ఊరూరా తిరిగి దొంగ మందులమ్మే మాయలాడిని చేసి కాగితం చేతికిచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి మా అమ్మతో ఆ గదిలో మళ్ళీ అడుగు పెట్టనని చెప్పాను. అది నేను చెప్పిన మొదటి అబద్ధం అనుకోవచ్చు. నెల తిరిగేసరికి ఆటలో ఒక జమీందారు గుర్రాన్ని అతనికే అమ్మాను. ఆ సోమవారం నా ట్రాములో టికెట్ లేకుండా ఎక్కి కథలు చెప్పే కుర్రాళ్ళందరూ మొదటిసారి నా ముఖం చూసి టికెట్లు తీశారు.

కసాయి జ్బినెక్ సంగతి ఇంకా చిత్రం. తలుపులో పట్టని మనిషి. రెండు చేతులతో తిప్పే గొడ్డలి ఉన్నవాడెవడైనా సరే ఇచ్చెయ్యమన్నాడు. వెండెలీన్ అతన్ని రక్తం చూస్తే కళ్ళు తిరిగే సన్యాసినిని చేశాడు. పేరు సిస్టర్ అపొలేనా, వైద్యం ఆమె విద్య. జ్బినెక్ రెండు వారాలు బల్ల కిందికి చూస్తూ ఆడాడు. మూడో వారం నుంచి గొంతు తగ్గించి, "నాయనా, ఆ దెబ్బ ఇటు చూపించు" అనడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ అతని కొట్టులో సాసేజీల కోసం వరసలో నిల్చున్న ఆడవాళ్ళతో అదే గొంతుతో మాట్లాడతాడు. వ్యాపారం పెరిగింది.

ఇలా ఎంతమందికి కట్టాడో లెక్క లేదు. పక్క ఊరు ప్రొస్త్యేయోవ్ నుంచి కూడా వచ్చి చేయించుకుపోయేవారు. పళ్ళ కోసం వచ్చిన పేషెంట్లు నోట్లో అచ్చు గట్టిపడేదాకా మాట్లాడలేరు కదా, ఆ కాసేపట్లో ఆయన వాళ్ళకి ఒక మాంత్రికుడినో గజదొంగనో కట్టి పంపేవాడు. పాపం వాళ్ళకి ఆట అంటే ఏమిటో కూడా తెలియదు.

మరి ఆయన పాత్ర? గ్రోమెక్. మరుగుజ్జు, ఇనప టోపీ, గొడ్డలి, ముడిపడ్డ కనుబొమలు. మొదటి శనివారం పుట్టినవాడు ఇరవై ఏళ్ళు దాటినా అలాగే ఉన్నాడు. అందరి పాత్రలూ చచ్చాయి, పెళ్ళిళ్ళు చేసుకున్నాయి, మతం మార్చుకున్నాయి, ఒకటి రెండు కోడిపెట్టలుగా మారాయి. గ్రోమెక్ మాత్రం ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోలేదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు, స్నానానికి దిగినా టోపీ తీయలేదు. మాకందరికీ ఖాళీలు వెతికిన ఈ మనిషి తనకి మాత్రం బండరాయిని కట్టుకున్నాడేమిటని ఒకసారి జ్బినెక్ అడిగాడు.

"నాకు ఖాళీ ఏమీ లేదు కాబట్టి," అన్నాడు వెండెలీన్, చాలా మామూలుగా.

అప్పుడే ఆయన భార్య ఒటిలియా గారు ఇంటి దగ్గర చేసిన రొట్టె ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని లోపలికి వస్తోంది. శ్మశానం గేటు దగ్గర పూల కొట్టు ఆమెది. ప్రతి శనివారం దుకాణం కట్టేసి, దారిలో మాకు తినడానికేదో ఇచ్చి, ఒక నిమిషం నిలబడి వెళ్ళిపోయేది. ఆ మాట విని పళ్ళెం కిందపెట్టి, గుమ్మం పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. వెండెలీన్‌కి అందులో నవ్వాల్సిందేమిటో అర్థం కాలేదు.

గ్రోమెక్ ఫిబ్రవరిలో పోయాడు.

కథలో మేం గడ్డకట్టిన నది దాటుతున్నాం. మంచు పల్చగా ఉందని హినెక్ చెప్పాడు. సిస్టర్ అపొలేనా అందరి నడుములకీ తాడు కడుతోంది. గ్రోమెక్ దగ్గరికొచ్చేసరికి వెండెలీన్ తల అడ్డంగా ఊపాడు. గ్రోమెక్‌కి తాడు అక్కర్లేదన్నాడు. బాగా ఆలోచించుకోమన్నాడు హినెక్. ఆలోచించేశానన్నాడు ఈయన. పాచిక వేస్తే ఒకటి పడింది, అన్నిటికంటే చెడ్డ అంకె. మంచు విరిగింది. పైకి ఎగబాకడానికి మళ్ళీ వేస్తే మళ్ళీ ఒకటి. హినెక్ ముఖం పాలిపోయింది. కథ నడిపేవాడు కావాలంటే నదిలో ఒక కొమ్మని పుట్టించగలడు, ఒక చేపల వాణ్ణి పంపగలడు. అతను నోరు తెరవబోతుంటే వెండెలీన్ చెయ్యెత్తి ఆపాడు.

"పడింది పడ్డట్టే. పోయాడు."

బీరు చివరి గుక్క తాగి, గ్రోమెక్ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, అందరికీ చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఆ మర్యాద చూసి మాకు నిజంగానే ఎవరో పోయినట్టనిపించింది. ఇంటికెళ్ళి భార్యకి చెబితే ఆమె, సరే, ఇకనైనా ఆ టోపీ లేకుండా భోజనానికి కూర్చో అందట. ఈ సంగతి ఆవిడే తర్వాత చెప్పింది.

మరుసటి శనివారం కొత్త పాత్ర చేసుకోవాలి. మేమంతా ఆసక్తిగా కూర్చున్నాం. అన్ని నోళ్ళకీ పళ్ళు కట్టినవాడు తన నోటికి ఏం కట్టుకుంటాడో చూద్దామని. ఆయన తెల్ల కాగితం ముందు పెట్టుకుని పెన్సిలు చెక్కాడు. మాంత్రికుడన్నాడు. పాచికలు వేశాడు, అంకెలు రాశాడు, పేరు పెట్టాడు. తర్వాత వాడిచేత ఏదో మాట్లాడించబోయాడు. వాడు అచ్చం గ్రోమెక్‌లాగే గుర్రుమన్నాడు. కాగితం చించేశాడు. వచ్చే వారం కవి. ఆ కవి కూడా గుర్రుమన్నాడు. ఆ తర్వాత ఒక అడవి జాతి రాకుమారుడు, మొనదేలిన చెవులూ, వెండి బూట్లూ. మొదటి ఐదు నిమిషాల్లోనే, నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు అన్నాడు ఆ రాకుమారుడు. జ్బినెక్ తల పట్టుకున్నాడు.

"ఉస్తాద్, నీకు అంగీ మారింది గానీ లోపల ఆ మరుగుజ్జే ఉన్నాడు."

నేను ఊరుకోలేక ఆయన ప్రశ్నే ఆయనకి వేశాను. నువ్వు ఎవరినీ అడగలేనిది ఏమిటి అని. వెండెలీన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, వాన వచ్చేలా ఉందన్నాడు. బయట ఎండ కాస్తోంది.

మార్చి గడిచిపోయింది. ఆయన కుడి చెయ్యి కోటు జేబులో పెట్టుకుని, మా ఆట చూస్తూ, మా పాత్రలు ఎలా నడవాలో మాకే చెబుతూ కూర్చునేవాడు. అంతకంటే ఆయనే ఆడితే నయమనిపించింది. అప్పుడు హినెక్‌కి ఒక ఆలోచన వచ్చింది. మనమే ఆయనకి తలో పాత్రా చేసి తెద్దాం, నచ్చింది తీసుకుంటాడు అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన చేతిలో ఉన్న అధికారం ఒక్క వారానికి మా చేతికొచ్చింది. మేం కాస్త ఎక్కువగానే ఉత్సాహపడ్డాం.

హినెక్ తెచ్చింది ముసలి బిషప్పు. తనతో ఏకీభవించినవాళ్ళకే దీవెన ఇస్తాడు. జ్బినెక్ తెచ్చింది మాటలొచ్చిన కంచరగాడిద. అందరి బరువూ తనే మోస్తుంది, మోస్తున్నంతసేపూ మిగతావాళ్ళకి మోయడం చేతకాదని సణుగుతుంది. నాది రాణీగారి కొలువులో ముసలి పెద్దమనిషి. ఊళ్ళో ఎవరు ఎవరిని పెళ్ళాడాలో తేల్చేది అతనే, ఎవరైనా తన సంగతి అడిగితే మాత్రం చెవుడు వస్తుంది.

ఆయన మూడూ నిదానంగా చదివాడు. మేం నవ్వు ఆపుకుంటున్నాం. చదవడం అయ్యాక కాగితాలు సరిచేసి బల్ల మీద పెట్టాడు.

"అంటే మీకు నేనిలా కనిపిస్తానన్నమాట," అన్నాడు.

సరదాకే అని హినెక్ ఏదో చెప్పబోయాడు. నాకు తెలుసన్నాడు ఈయన. కోటు తీసుకున్నాడు. వేసుకోవడానికి చాలాసేపు పట్టింది, గుండీలు పెట్టుకోకుండానే వెళ్ళిపోయాడు. బయట చలిగా ఉంది కదా, గుండీలెందుకు పెట్టుకోలేదని మాకెవరికీ తట్టలేదు. కోపమనుకున్నాం.

తర్వాతి శనివారం రాలేదు. ఆ తర్వాతిదీ రాలేదు. జ్బినెక్ తన చేతులతో చేసిన నల్ల సాసేజీలు కాగితంలో చుట్టుకుని ఆయన గదికి వెళ్ళాడు. వెండెలీన్ పొట్లం తీసుకుని, థాంక్స్ చెప్పి, తలుపు వేసేశాడు. ఇరవై ఏళ్ళలో ఆ మనిషి మాట్లాడకుండా తలుపు వెయ్యడం అదే మొదటిసారి. జ్బినెక్ వెనక్కొచ్చి, ఇది మనం అనుకున్న కోపం కాదు అన్నాడు, అపొలేనా గొంతుతో.

ఏప్రిల్లో ఒక శనివారం ఒటిలియా గారు వచ్చింది. చేతిలో పళ్ళెం లేదు. గుమ్మం దగ్గర ఆగకుండా నేరుగా వచ్చి, వెండెలీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. మా బీరుతోపాటు ఆముదంలా కంపుకొట్టే మా ఊరి చీజు బల్ల నిండా ఉంది. దాన్ని మోచేత్తో పక్కకి నెట్టింది.

"ఆయనకి పాత్ర నేను చేస్తాను. ఎలాగో చెప్పండి," అంది.

మేం చెప్పాం. ఆమె పాచికలు ఒక్కొక్కటే వేసి, పడిన అంకెల్ని పెద్దగా పట్టించుకోకుండా రాసుకుంది. బలం ఎంతన్నా రాయండి, అది నాకు అక్కర్లేదంది. మాటనేర్పు దగ్గరికొచ్చేసరికి హినెక్ చేతిలోంచి కాగితం తీసుకుంది.

"ఈ మనిషి దూరదేశం నుంచి ఓడ దిగాడు. ఈ దేశపు భాష ఒక్క ముక్క కూడా రాదు. అన్నం కావాలన్నా, దారి కావాలన్నా, చేతులతో అడగాల్సిందే. పేరు మాత్రం పెట్టలేదు. చెప్పినా ఇక్కడెవరికీ పలకడం రాదు."

వెండెలీన్ నోరు మూసుకుని ఆడటమా అని జ్బినెక్ నవ్వాడు. ఒటిలియా గారు నవ్వలేదు. అప్పుడు చెప్పింది. ఆయన కుడిచెయ్యి వణుకుతోందట. క్రిస్మస్‌కి ముందు నుంచి. ఆమెకి చెప్పలేదు. స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. సూప్ మానేశాడు, ఒంటికి పడటం లేదని. తనకి తెలుసన్న సంగతి ఆయనకి తెలియదు.

"మరి మీరే అడగొచ్చు కదా," అన్నాను నేను.

"ఒంట్లో ఎలా ఉందని అడిగాను. నాకేం లేదన్నాడు. మీకందరికీ తెలుసని కూడా చెప్పకండి. ఊరికే ఆడండి," అంది. లేవబోతూ మళ్ళీ కూర్చుంది. "ఇంకో కాగితం ఇవ్వండి. నాక్కూడా ఒకటి కావాలి."

మరుసటి వారం వెండెలీన్ వచ్చాడు. తనకి పాత్ర సిద్ధంగా ఉందనీ, తను రాకపోయినా మేం మొదలుపెడతామనీ భార్య చెప్పిందట. ఆయన లేకుండా మేం ఏదైనా మొదలుపెట్టడం ఆయన భరించలేడని ఆవిడకి తెలుసు. ఆమె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోవడం చూసి తెల్లబోయాడు. వెంటనే పాత అలవాటు పైకొచ్చింది. కళ్ళు చిన్నవి చేసి భార్యని ఎగాదిగా చూశాడు.

"ఒటిలియా, నువ్వు కూడా ఆడతానంటే నీకు... ఉండు, నీకు సరిపోయేది..."

"నాది నేను చేసుకున్నాను," అంది ఆమె.

"ఏం చేసుకున్నావ్?"

"గుర్రాల దొంగ."

శ్మశానం ముందు తెల్ల చామంతులు అమ్ముకునే ఆ మనిషి వంక ఆయన చాలాసేపు చూశాడు. పెళ్ళై పాతికేళ్ళు దాటింది. ఊరంతటికీ ఖాళీలు వెతికినవాడికి ఇంట్లో ఒక గుర్రాల దొంగ ఉందని తెలియలేదు. నీకెప్పుడూ నేను ఒకటి కట్టివ్వలేదేమిటి అని గొణిగాడు. నువ్వు నన్నెప్పుడూ అడగలేదు కదయ్యా అంది.

తన కాగితం చదివి మొదట ఒప్పుకోలేదు. భాష రానివాడు, పేరు లేనివాడు, ఇదేం పాత్ర అన్నాడు. హినెక్ కథ మొదలుపెట్టాడు. రేవులో వాన. సత్రం. లోపల నిప్పు, వేడి అన్నం, ముక్కూ ముఖం తెలియని మనుషులు. గుమ్మంలో తడిసిపోయిన పరదేశి. ఇక వెండెలీన్‌కి తప్పలేదు. నోరు తెరవబోతే అందరం మూతి మీద వేలు అడ్డంగా పెట్టి చూపించాం.

ఎడమ చేత్తో నోటి వైపు సైగ చేశాడు, ఆకలి అన్నట్టు. సిస్టర్ అపొలేనా ఎంతో దయగా, ఈయనకి పళ్ళు నొప్పిగా ఉన్నట్టున్నాయి, లవంగం పెట్టండి అంది. వెండెలీన్ ముఖం చూడాలి. రొట్టె ఆకారం గాల్లో గీశాడు. అది చూసి నేను టోపీ అమ్మజూపాను. పక్క బల్ల మీది పళ్ళెం చూపించాడు. అందులో ఆల్బుకరా పళ్ళు ఉన్నాయన్నాడు హినెక్. ఓహో, తన పేరు చెబుతున్నాడు, ఈయన పేరు ష్వెస్త్కా అని జ్బినెక్ ప్రకటించాడు. మా భాషలో ష్వెస్త్కా అంటే ఆల్బుకరా. ఆ పేరే ఖాయమైపోయింది. ఒటిలియా గారి దొంగ ఒక మూల కూర్చుని తాపీగా అతని చెప్పులు కాజేసింది.

వెండెలీన్ కోపంతో ఎర్రబడి, నవ్వొచ్చి, మళ్ళీ కోపం తెచ్చుకుని, ఆ ఊపులో రెండు చేతులూ ఎత్తి బతిమాలుతున్నట్టు ముందుకి చాచాడు. కుడి చెయ్యి బల్ల మీదికి వచ్చింది. వణుకుతోంది. వేళ్ళు ఒకదానికొకటి తగులుకునేంతగా. అది ఆయనా చూసుకున్నాడు. వెనక్కి లాక్కోబోయాడు.

అప్పుడు జ్బినెక్, "అపొలేనా వచ్చి ఆ చెయ్యి పట్టుకుంటుంది," అని, నిజంగానే బల్ల మీదుగా వంగి పట్టుకున్నాడు. పశువుల్ని నరికే చెయ్యి అది. అందులో వెండెలీన్ చెయ్యి పిచ్చుకలా ఉంది. వణుకు జ్బినెక్ మోచెయ్యి దాకా పాకడం కనిపించింది. హినెక్ పాచికలు అడగలేదు. ఒటిలియా గారు బల్ల మీది గీతలు చూస్తోంది.

ఆయనే మాట్లాడాడు, ష్వెస్త్కాకి భాష రాదన్న సంగతి మర్చిపోయి.

"నేను కట్టే ముందు పళ్ళు వరసలో నిలబడటం లేదు. సెయింట్ మోరిస్ చర్చి పాటల బృందంలో ఒకావిడకి కట్టాను. దేవుడి పేరు ఎత్తినప్పుడల్లా ఈల వస్తోందట. ఆవిడ మూడుసార్లు తిరిగొచ్చింది. మా మేనమామకి కూడా చెయ్యి ఇలాగే అయింది. చివరికి చెంచా కూడా పట్టుకోలేకపోయాడు." భార్య వైపు తిరిగాడు. "డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఒక్కణ్ణే వెళ్ళాలంటే భయంగా ఉంది. ఒటిలియా, నాతో వస్తావా?"

వస్తానంది. ఇంత చిన్న మాట అడగడానికి ఓడెక్కి పరదేశం పోవాలా అంది. చర్చి పాటల ఈల సంగతి తలుచుకుని ముందు నేను, తర్వాత జ్బినెక్ నవ్వేశాం. వెండెలీన్ కూడా నవ్వాడు, చెయ్యి మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు.

ఇద్దరూ కలిసి వెళ్ళారు. అది వంశంలో వచ్చే వణుకే, ప్రాణానికేమీ కాదు, పూర్తిగా పోదు, మందుతో కొంత తగ్గుతుందని చెప్పారట. మేనమామకి మందివ్వాలని ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు. వెండెలీన్ కొన్నాళ్ళు మూతి ముడుచుకున్నాడు. తర్వాత ప్రొస్త్యేయోవ్‌లో కట్టుడు పళ్ళ పని చేసే లుడ్మిలా అనే ఆవిడకి ఫోను చేసి, గదిలో సగం భాగం తీసుకోమని అడిగాడు. ఫోను చేసేముందు ఎలా అడగాలో అద్దం ముందు నిలబడి అని చూసుకున్నాడని ఒటిలియా గారు అంటుంది, ఆయన ఒప్పుకోడు. ఇప్పుడు సన్నపని అంతా లుడ్మిలాదే. అచ్చులు తీయడం, పేషెంట్లకి ధైర్యం చెప్పడం ఆయన వంతు. నోట్లో అచ్చు పెట్టుకున్న మనిషికి సిద్ధాంతాలు చెప్పడానికి ఇదివరకటి కంటే ఎక్కువ తీరిక దొరికింది. చర్చి పాటల ఆవిడకి లుడ్మిలా కొత్త పళ్ళు చేసింది. ఈల పోయింది. ఇప్పుడు పాట చప్పగా ఉందని బృందంలోవాళ్ళే అంటున్నారు.

కొత్తవాళ్ళకి పాత్రలు కట్టడం ఆయన మానలేదు. బుద్ధి కూడా పెద్దగా మారలేదు. మొన్న ఒక బ్యాంకు ఉద్యోగి వస్తే, నీకు కవచం ఎందుకయ్యా, నువ్వు ఇప్పటికే వేసుకొచ్చావు కదా అని అతనికి సర్కసులో జోకర్‌ని కట్టాడు. కాకపోతే ఇప్పుడు ఎవరైనా ఆయన ప్రశ్న ఆయనకే తిప్పి వేస్తే కిటికీ దగ్గరికి వెళ్ళడు. జవాబు చెబుతాడు. ఆ జవాబులు చాలా పొడుగ్గా ఉంటాయి. కిటికీయే నయమని అప్పుడప్పుడు మాకనిపిస్తుంది.

ష్వెస్త్కా ఆ దేశంలోనే ఉండిపోయాడు. భాష కొద్దికొద్దిగా వస్తోంది. మొదట నేర్చుకున్నవి తిట్లు, నేర్పింది గుర్రాల దొంగ. ఒక రేవులో చిన్న పడవ నడుపుకుంటున్నాడు. వ్యాకరణం ఇంకా తప్పుల తడకే. వెండెలీన్ ఆ తప్పుల్ని కావాలనే ఉంచుతాడని, తప్పు మాట్లాడటంలో ఆయనకి ఇప్పుడో రుచి తెలిసిందని హినెక్ అంటాడు. ఒటిలియా గారి దొంగ సంగతి మాత్రం చెప్పనలవి కాదు. మూడు రాజ్యాల్లో ఆమె తలకి వెల కట్టారు. మా బల్ల దగ్గర అందరికంటే ప్రమాదకరమైన మనిషి ఆమే. పూల కొట్టు శనివారాల్లో ముందే మూసేస్తుంది.

కిందటి శనివారం ఆట ముగిశాక నా డ్యూటీ మొదలైంది. వాళ్ళిద్దరూ నా ట్రాములోనే ఎక్కారు. ఒకరు ముందు, ఒకరు వెనక, మధ్యలో ఖాళీ సీట్లు. ఆ మధ్యాహ్నం ఆమె ష్వెస్త్కా దాచుకున్న కంచరగాడిదని దొంగిలించి సంతలో అమ్మేసింది. నాకు అందులో వాటా ఉంది, ఆ సంగతి ఆయనకి ఇంకా తెలియదు. రెండు స్టాపులు గడిచాక వెండెలీన్ లేచి, కడ్డీ పట్టుకుని ఊగుతూ నా కేబిన్ దాకా వచ్చాడు.

"బ్లాజెనా, నువ్వే చెప్పమ్మాయ్. కట్టుకున్న మొగుడి గాడిదని అమ్ముకుంటుందా ఎవరైనా?"

నేను గంట కొట్టి, నా నెత్తి మీదున్న బోర్డు చూపించాను. ట్రాము నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదని దాని మీద రాసి ఉంటుంది.